నీళ్లంటే పడని తోక

జిడ్డును నీళ్లలో కలుపుకుని పోయేది నురగ కాదు... గుంపు కట్టిన సబ్బు అణువులు. ఆ గుంపు ఎప్పుడు కట్టాలో, ఏ ఆకారంలో కట్టాలో తేల్చేది అణువుకున్న తోక, తల. బకెట్‌లో నానే బట్టలకీ, పసిబిడ్డ పీల్చే మొదటి ఊపిరికీ, నది మీద తేలే తెల్లటి నురగకీ అదే లెక్క!

బకెట్ నీళ్లలో చెంచాడు డిటర్జెంట్ పొడి వేస్తారు. చేత్తో గిలక్కొడతారు. నురగ చాల్లేదనిపిస్తుంది. ఇంకో చెంచా పడుతుంది. నురగ బకెట్ అంచు దాకా వస్తే గానీ చాలామందికి తృప్తి ఉండదు. 'ఎంత నురగొస్తే అంత మురికి పోతుంది' అన్నది ఇంటింటా ఉన్న నమ్మకం. టీవీ ప్రకటనలు కూడా ఏళ్ల తరబడి ఆ నురగనే చూపించాయి. నిజానికి అసలు పని నురగలో జరగదు. దాని కింద, కంటికి కనిపించకుండా, నీళ్ల లోపల జరుగుతుంది.

రెండు మనసుల అణువు

సబ్బు అణువు కంటికి కనిపిస్తే అచ్చం తోకకప్పలా ఉంటుంది. చిన్న తల, పొడవాటి తోక. తోకంతా కార్బన్, హైడ్రోజన్‌ల గొలుసు. దానిది నూనె స్వభావం, నీళ్లతో పొసగదు. తలకేమో నీళ్లంటే ప్రాణం. ఒకే ఒంట్లో రెండు మనసులన్నమాట. ఇలాంటి అణువులన్నిటినీ కలిపి సర్ఫాక్టెంట్లు అంటారు. సబ్బు, షాంపూ, గిన్నెలు తోమే ద్రవం, టూత్‌పేస్టు... నురగొచ్చే ప్రతిదాంట్లోనూ ఇవే ఉంటాయి.

నీళ్లలో పడగానే ఈ అణువులు పైపొరకు పరుగెడతాయి. తల నీళ్లలో ఉంచి, తోకను గాలిలోకి ఎత్తి నిలబడతాయి. దాంతో నీటి తలతన్యత తగ్గుతుంది. అప్పటిదాకా బట్ట మీద బొట్లుబొట్లుగా నిలిచిన నీరు దారాల్లోకి ఇంకుతుంది. ఈ పైపొర సంగతిని తొలినాళ్లలోనే కొలిచి చూపినవారిలో ఒకరు కాలేజీ మెట్లెక్కని జర్మన్ మహిళ ఆగ్నెస్ పాకెల్స్. అమ్మానాన్నలను చూసుకుంటూ, ఇంటిపనులు చేసుకుంటూ, వంటింట్లోనే సొంతంగా తయారుచేసుకున్న తొట్టితో ఆమె ఈ ప్రయోగాలు చేసింది. ఆ ఫలితాలను ఇంగ్లండ్‌లోని లార్డ్ రేలీకి ఉత్తరంలో రాస్తే, ఆయన చొరవతో 1891లో 'నేచర్' పత్రికలో అచ్చయ్యాయి.

పైపొర నిండిపోయాక మిగిలిన అణువుల సంగతేంటి? అవి నీళ్లలోనే ఉండాలి. తోకకేమో నీళ్లు పడవు. అందుకే గుంపుగా చేరి తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టుకుని ఓ బంతిలా ముడుచుకుంటాయి. ఆ బంతి పేరే మిసెల్. దాని లోపల ఉండేది నూనె స్వభావమే కాబట్టి, బట్ట మీది జిడ్డుకు అది సొంతిల్లు దొరికినట్టు! జిడ్డు అందులో దూరుతుంది. బయటున్న తలలు నీళ్లతో కలిసిపోతాయి. జాడిస్తే జిడ్డు నీళ్లతోపాటే పోతుంది.

సబ్బునీళ్లలో అణువులు ఇలా గుంపులు కడతాయని 1913లోనే చెప్పిన శాస్త్రవేత్త జేమ్స్ విలియం మెక్‌బెయిన్. అప్పట్లో ఆయన ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పనిచేసేవారు. లండన్‌లో ఓ సభలో ఈ సంగతి చెబితే, అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన 'అర్థం లేని మాట' అని కొట్టిపారేశారని చెబుతుంటారు. కాలం మాత్రం మెక్‌బెయిన్ వైపే నిలిచింది. ఆయనకు మన దేశంతోనూ అనుబంధం ఉంది. 1950లో పుణెలో మొదలైన జాతీయ రసాయన ప్రయోగశాలకు తొలి డైరెక్టర్ ఆయనే.

కోలాటంలో కొత్త మనిషి

తోకలన్నీ ఒకచోట ఎందుకు చేరతాయి? వాటికి ఒకదానిమీద ఒకదానికి అంత ప్రేమా? కాదు. అసలు కారణం నీళ్లే. దీన్ని అర్థం చేసుకోవాలంటే కోలాటాన్ని గుర్తుచేసుకోవాలి.

నీటి అణువులు కోలాటం ఆడేవాళ్లలాంటివి. చుట్టూ ఉన్నవాళ్లతో కోలలు తగిలిస్తూ, క్షణానికో జోడీ మారుస్తూ, ఎటు కావాలంటే అటు తిరుగుతుంటాయి. మధ్యలోకి కోలల్లేని కొత్త మనిషి వచ్చి నిలబడ్డాడనుకోండి. అతడి పక్కనున్నవాళ్లకు చిక్కొచ్చి పడుతుంది. అటువైపు కోల తగిలించడానికి లేదు. ఇటువైపు వాళ్లతోనే సర్దుకోవాలి. తిరిగే స్వేచ్ఛ తగ్గిపోతుంది. నీళ్లలోకి వచ్చిన సబ్బు తోక ఆ కొత్త మనిషే.

అలాంటివాళ్లు అరవై మంది అరవై చోట్ల నిలబడితే, ఒక్కొక్కరి చుట్టూ ఆట కుంటుపడుతుంది. అరవై మందీ ఓ మూలకు చేరితే? ఆ మూల అంచున ఉన్నవాళ్లకే ఇబ్బంది. మిగతా ఆట హాయిగా సాగుతుంది. మిసెల్ కట్టినప్పుడు జరిగేది ఇదే. తోకలు ఒకచోట చేరితే నీటి అణువులకు పోయిన స్వేచ్ఛ తిరిగొస్తుంది. శాస్త్రవేత్తలు ఈ స్వేచ్ఛనే ఎంట్రోపీ అనే లెక్కలో కొలుస్తారు. అది పెరిగే వైపు వెళ్లడం ప్రకృతి నైజం.

నమ్మకం కలగడం లేదా? దానికి ఓ రుజువుంది. రెండు వస్తువులు ఇష్టంగా అతుక్కుంటే సాధారణంగా వేడి బయటికి రావాలి. అయితే షాంపూల్లో, టూత్‌పేస్టుల్లో వాడే సోడియం లారిల్ సల్ఫేట్ 25 డిగ్రీల దగ్గర మిసెల్‌గా మారేటప్పుడు వేడి దాదాపుగా రాదు, పోదు. అంతకన్నా చల్లటి నీళ్లలోనైతే ఎదురు వేడిని పీల్చుకుని మరీ గుంపు కడుతుంది. అంటే, గుంపును కట్టిస్తున్నది అతుక్కోవాలన్న కోరిక కాదు... నీళ్లకు దక్కే స్వేచ్ఛ.

అలాగని గుంపు కట్టడం ఊరికే అయ్యే పని కాదు. విడివిడిగా తిరిగే సబ్బు అణువులు తమ స్వేచ్ఛను వదులుకోవాలి. పైగా ఒకే రకం విద్యుదావేశం ఉన్న తలలు పక్కపక్కన ఇరుక్కోవాలి. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఓవైపు లాభం, ఓవైపు నష్టం. నీళ్లలో సబ్బు కొద్దిగా ఉన్నప్పుడు నష్టమే ఎక్కువ. అందుకే అణువులు విడిగా ఉండిపోతాయి. సబ్బు ఒక మోతాదు దాటగానే తక్కెడ ఇటు మొగ్గుతుంది. మిసెల్‌లు పుట్టుకొస్తాయి. ఆ మోతాదునే 'క్రిటికల్ మిసెల్ కాన్సంట్రేషన్' అంటారు. తేలిగ్గా చెప్పాలంటే... గుంపు కట్టే గీత. సోడియం లారిల్ సల్ఫేట్‌కు ఆ గీత లీటరు నీటికి సుమారు 2.4 గ్రాముల దగ్గర ఉంటుంది. అక్కడ ఒక్కో మిసెల్‌లో అరవై పైచిలుకు అణువులు చేరతాయి.

రెండు కార్బన్లు... నాలుగు రెట్లు

ఈ గీత అన్ని సబ్బులకూ ఒకేచోట ఉండదు. తోక పొడవు మారితే గీత జరుగుతుంది. పైన చెప్పిన 2.4 గ్రాములు 12 కార్బన్ల తోకకు. తలను అలాగే ఉంచి తోకను 10 కార్బన్లకు కత్తిరిస్తే లీటరుకు సుమారు ఎనిమిదిన్నర గ్రాములు వేస్తే గానీ మిసెల్‌లు కట్టవు. 14 కార్బన్లకు పెంచితే గ్రాములో మూడింట రెండొంతులు చాలు. ఇలాంటి తలకు తోకలో ఒక్కో కార్బన్ పెరిగేకొద్దీ అవసరమైన మోతాదు ఇంచుమించు సగానికి పడిపోతుంది. తోక పెద్దదైతే నీళ్లకు కలిగే చిక్కూ పెద్దదే కదా!

అలాగైతే తోకను ఇంకా ఇంకా పొడవు చేసుకుంటూ పోవచ్చుగా? సరిగ్గా అక్కడే ఉంది మెలిక. తోకలు మరీ పొడవైతే గట్టిగా పేర్చుకుని గడ్డకట్టి ఉండిపోతాయి, చన్నీళ్లలో కరగనే కరగవు. 18 కార్బన్ల స్టియరిక్ ఆమ్లంతో చేసిన సబ్బు బాగా కరగాలంటే నీళ్లు వేడిగా కాగాలి. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని తోక 12 కార్బన్లే. అందుకే కొబ్బరినూనె సబ్బు చన్నీళ్లలోనూ తేలిగ్గా నురగనిస్తుంది. ఓడల్లో సముద్రపు నీళ్లతో స్నానం చేసే నావికులకు ప్రత్యేకంగా కొబ్బరినూనె సబ్బులు తయారుచేసిందీ అందుకే.

తోక పొడవుగా ఉన్నా మధ్యలో వంపు ఉంటే కథ మారుతుంది. ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లానికి 18 కార్బన్లున్నా మధ్యలో ఓ మెలిక ఉంటుంది. వంకర కట్టెలు మోపులో ఒద్దికగా పేరవు కదా! అలాగే ఈ తోకలూ గడ్డకట్టవు. సబ్బులు చేసేవాళ్లు రకరకాల నూనెలను కలిపేది ఊరికే కాదు. గట్టిదనం ఒకదాన్నుంచి, నురగ ఒకదాన్నుంచి, మృదుత్వం ఇంకోదాన్నుంచి వస్తాయి.

తలలు నెట్టుకోకుంటే...

తోక లాగుతుంటే, తల అడ్డుపడుతుంది. తలకు విద్యుదావేశం ఉంటే పక్క తలను దగ్గరికి రానివ్వదు. ఆవేశం లేని తలలకు ఆ గొడవ తక్కువ. అందుకే అదే 12 కార్బన్ల తోకకు ఆవేశం లేని తలను తగిలిస్తే దాదాపు వందో వంతు మోతాదుకే మిసెల్‌లు కట్టేస్తాయి. ద్రవ డిటర్జెంట్లలో ఈ రకాన్ని కలిపేది అందుకే. 

తలల మధ్య గొడవను సర్దిచెప్పే పెద్దమనిషి ఇంకొకరున్నారు. ఉప్పు! సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్న లీటరు నీటిలో ఆరు గ్రాముల లోపు ఉప్పు వేస్తే చాలు, గుంపు కట్టే గీత 2.4 నుంచి 0.4 గ్రాముల దగ్గరికి దిగిపోతుంది. ఉప్పులోని సోడియం తలల మధ్య చేరి వాటి నెట్టుడును తగ్గిస్తుంది. చాలా షాంపూ సీసాల మీద ఉండే పదార్థాల జాబితాలో 'సోడియం క్లోరైడ్' అని కనిపించేది ఇదే. తలలు దగ్గరయ్యేసరికి గుండ్రటి మిసెల్‌లు వానపాముల్లా సాగుతాయి. ఒకదానికొకటి చిక్కుపడతాయి. షాంపూ చిక్కబడుతుంది.

మరి బోరు నీళ్లలో సబ్బు ఎందుకు నురగదు? ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం గొడవ సర్దడంతో ఆగవు. సబ్బు తలలను రెండేసి చొప్పున పట్టేసుకుంటాయి. అది నీళ్లలో కరగని తెట్టుగా మారి బకెట్ అంచుకు, బట్టకు అంటుకుంటుంది. డిటర్జెంట్ పొడిలో ఉండే తలలు వేరే రకం. అవి కాల్షియానికి అంత తేలిగ్గా చిక్కవు.

మన పెరటి కుంకుడుకాయది ఇంకో పద్ధతి. దాని నురగకు మూలమైన సపోనిన్లలో తలగా చక్కెర ముక్కలు ఉంటాయి. తోకేమో గొలుసు కాదు, ఒకదానికొకటి అతికిన ఉంగరాల బిళ్ల. కుంకుడు చెట్ల జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన 'సపిండస్' అన్న పేరుకు అర్థమే 'ఇండియా సబ్బు'. ఇలాంటి ఉంగరాల బిళ్లలే మన ఒంట్లోనూ ఉన్నాయి. పప్పన్నంలో వేసుకున్న నెయ్యి అరగాలంటే పైత్యరసం కావాలి. అందులోని లవణాల అణువులకు ఓవైపు నీళ్లంటే ఇష్టం, రెండోవైపు కొవ్వంటే ఇష్టం. అవి చిన్నచిన్న మిసెల్‌లు కట్టి అరిగిన కొవ్వును, ఎ, డి, ఇ, కె విటమిన్లను పేగు గోడ దాకా మోసుకెళ్తాయి. పైత్యరసం పేగులోకి రాకుండా అడ్డుపడితే ఎంత మంచి తిండి తిన్నా ఆ విటమిన్లు ఒంటికి సరిగ్గా పట్టవు.

పొట్లాలూ ఇటుకలూ

శనక్కాయల పొట్లాలను మొనలు లోపలికి పెట్టి పేర్చుకుంటూ పోతే గుండ్రంగా వస్తుంది. అదే ఇటుకలను పేరిస్తే గోడ అవుతుంది. అణువులదీ అంతే. పెద్ద తల, ఒకే తోక ఉంటే పొట్లం ఆకారం. బంతి కడుతుంది. ఒకే తలకు రెండు తోకలుంటే ఇటుక ఆకారం. బంతిగా వంగలేదు. పలకలా పరుచుకుంటుంది. 1976లో ఆస్ట్రేలియాలో ఇజ్రాయెలష్విలి, మిచెల్, నిన్‌హామ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ ఆకారాల సంగతిని లెక్కకట్టి చూపారు. మన ఒంట్లో ప్రతి కణానికీ ఉండే పొర ఈ రెండు తోకల అణువులతో కట్టిందే.

ఈ రెండో తోక విలువ తెలిసేది పసిపిల్లల దగ్గర. ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్నచిన్న గాలి గదులుంటాయి. వాటి లోపలి గోడకు సన్నటి నీటిపొర ఉంటుంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ నీటి తలతన్యత గదిని మూసేయాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఊపిరితిత్తులే తయారుచేసుకునే సర్ఫాక్టెంట్. అందులో ముఖ్యమైన అణువుకు 16 కార్బన్ల తోకలు రెండు. దాని గుంపు కట్టే గీత సోడియం లారిల్ సల్ఫేట్‌ గీతలో కోటో వంతు కన్నా కింద ఉంటుంది. అంటే, విడి అణువుగా నీళ్లలో ఉండటానికి దాదాపుగా ఒప్పుకోదు. నీటిపొర మీదే ఒత్తుగా పరుచుకుని ఉంటుంది. ఊపిరి వదిలినా గది మూసుకుపోదు.

గర్భంలో బిడ్డకు 34, 35 వారాలు వస్తే గానీ ఇది చాలినంత తయారవదు. అంతకన్నా ముందే పుట్టిన పిల్లలు ఊపిరందక ఎందుకు చనిపోతున్నారో చాలాకాలం తెలియలేదు. సర్ఫాక్టెంట్ లేకపోవడమే కారణమని 1959లో అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ, జీర్ మీడ్ తేల్చారు. కారణం తెలిసినా మందు రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి నెలలు నిండకుండా పుట్టిన కొడుకు ప్యాట్రిక్ ఈ జబ్బుతోనే రెండు రోజులకు కన్నుమూశాడు. ఆ దేశాధ్యక్షుడి బిడ్డకే దిక్కులేని రోజులవి! 1980లో జపాన్ వైద్యుడు తెత్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది పసివాళ్ల శ్వాసనాళంలోకి పంపి ఫలితం సాధించారు. ఇప్పుడు నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో అది తెలిసిన వైద్యం.

నదికి అరగని తోక

తోక ఆకారం ప్రాణం పోయగలదు సరే, పొరపాటున ఎంచుకుంటే? 1950లలో పాశ్చాత్య దేశాల్లో డిటర్జెంట్లు కొమ్మలున్న తోకతో వచ్చాయి. చవక. బోరు నీళ్లలాంటి కఠిన జలంలోనూ బట్టలు తెల్లగా ఉతికేవి. బకెట్ వరకూ లెక్క బాగానే కుదిరింది. నది దగ్గర తప్పింది! నీళ్లలోని బ్యాక్టీరియా తోకను చివర్నుంచి కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ తింటుంది. మధ్యలో కొమ్మ తగిలితే ఆగిపోతుంది. అలా అరగని తోకలు పోగుపడి ఇంగ్లండ్, జర్మనీ నదుల మీద నురగ గుట్టలుగా తేలింది. పశ్చిమ జర్మనీ 1961లో చట్టం చేసి 1964 నుంచి అమలుచేసింది. 1965లో అమెరికా కంపెనీలూ తిన్నని తోకలకు మారాయి. 

తిన్నని తోక వచ్చినంత మాత్రాన కథ ముగిసిపోలేదు. దాన్ని తినడానికి బ్యాక్టీరియాకు గాలి కావాలి, సమయం కావాలి. మురుగును శుద్ధి చేసే కేంద్రంలో అవి దొరుకుతాయి. శుద్ధి చేయకుండా చెరువులోకి వదిలేస్తే దొరకవు. 2015లో బెంగళూరు బెళ్లందూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్డు మీదికొచ్చింది. దిల్లీలో ఛఠ్ పూజ వేళ యమునలో మోకాలి లోతు నురగలో నిలబడి మొక్కుకునే మహిళల ఫొటోలు చాలా ఏళ్లు పత్రికల్లో వచ్చాయి. మురుగుతోపాటు వచ్చి చేరిన డిటర్జెంట్లకు ఆ నురగలో పెద్ద వాటా ఉంది. 

ఎంత వేస్తే చాలు?

గుంపు కట్టే గీత దాటాక ఎంత సబ్బు వేసినా నీటి తలతన్యత ఇక తగ్గదు. కొత్తగా వేసిందంతా మిసెల్‌లుగానే మారుతుంది. జిడ్డు ఎక్కువుంటే ఆ మిసెల్‌లు పనికొస్తాయి. బట్టలున్న జిడ్డుకు సరిపోయాక పడే ప్రతి చెంచా కాలవకే. దాన్ని వదిలించడానికి మళ్లీ ఇంకో రెండు బకెట్ల నీళ్లు. సరిగ్గా జాడించకపోతే బట్టలో మిగిలిపోయి ఒంటికి దురద.

అందుకే ప్యాకెట్ మీద రాసిన కొలత చూసి వేయాలి. బోరు నీళ్లయితే కొంచెం ఎక్కువ, మెత్తటి నీళ్లయితే కొంచెం తక్కువ. కాలర్లు, చేతి అంచుల లాంటి చోట్ల పొడిని బకెట్ అంతటా పెంచే బదులు అక్కడే రుద్దితే సరిపోతుంది. వాషింగ్ మెషీన్‌లో నురగ ఎక్కువైతే బట్టలు ఒకదానికొకటి రాసుకోవు. ఉతుకుడు తగ్గుతుంది. తక్కువ నురగనిచ్చే పొడులను మెషీన్ల కోసం ప్రత్యేకంగా చేసేది అందుకే. 

ఆ పొడి అణువు తోక ఎంత పొడవుండాలో, తిన్నగా ఉండాలో కొమ్మలుండాలో ఫ్యాక్టరీలో తేలుతుంది. మురుగును శుద్ధి చేశాకే చెరువులోకి వదలాలా వద్దా అన్నది నగరపాలక సంస్థ చేతిలో ఉంటుంది. ఎన్ని చెంచాలు పడాలన్నది మాత్రం బకెట్ ముందు కూర్చున్నవాళ్ల చేతిలోనే ఉంది.